చదువుకొను బిడ్డలు – మద్యపానము

బిడ్డను చదువునకై దూరమునకు పంపిన తల్లి మనస్సు ఇంట నిలువదు. వాడు వేళకు భుజించెనో లేదో, జ్వరము వచ్చెనేమో, పరీక్ష యెట్లు వ్రాసెనో యని దినమునకు పదిమార్లు తలచుచుండును. ఈ చింతలన్నియు పదిమందితో చెప్పుకొనదగినవే. చెప్పుకొనలేని చింత యొకటి కలదు. కుమారుడు మద్యమునకు అలవాటుపడుచున్నాడేమో యన్నదే యది. ఇరుగుపొరుగుతో అనినచో పరువు పోవును. భర్తతో అనినచో ఇంట రణము పుట్టును. బిడ్డనే నిలదీసినచో బొంకును. కావున తల్లి మౌనము వహించును. ఆ మౌనమును విడుచుటెట్లో, విడిచి యేమి పలుకవలయునో, దానిని గూర్చి నేడు నాలుగు మాటలు మనవి చేయదలచితిమి.

మేము నల్లగొండలో కాపురమున్నవారము. మావారు ఉపాధ్యాయులు. వారియొద్ద చదివిన పిల్లలు పెద్దవారై, పై చదువులకు పోయి, సెలవులలో మా యింటికి వచ్చుచుందురు. మా పట్టణమున 1956 నుండి నాగార్జున ప్రభుత్వ కళాశాల కలదు. 2007లో మహాత్మాగాంధీ విశ్వవిద్యాలయము వెలసినది. పాలమూరు వారికి 2008లో వారి విశ్వవిద్యాలయము వచ్చినది. అయినను ఇంజనీరింగు మొదలగు చదువులకై హైదరాబాదు వసతిగృహములకు పోవువారే పెక్కుమంది. పదునెనిమిదవ యేట ఇల్లు విడిచిన బిడ్డకు అచ్చట చేతిలో రూకలుండును, అడుగువారుండరు.

మద్యము మన ప్రాంతమునకు క్రొత్తది కాదని మేమెరుగుదుము. మా మెట్టభూములలో తాడిచెట్టు, ఈతచెట్టు ఎందరికో జీవనాధారములు. బోనాలలో దేవతకు సాక పోయునపుడును, దసరానాడును, పెండ్లి దావతులలోను కల్లు వింతవస్తువు కాదు. 2019–21 సంవత్సరములలో జరిగిన జాతీయ కుటుంబారోగ్య సర్వేలో తెలంగాణమున 15 ఏండ్లు నిండిన పురుషులలో నూటికి 43 మంది మద్యము త్రాగుదురని తేలినది. దేశమంతటి లెక్క చూచినచో నూటికి 19 మందియే. మన పల్లెలలోనైతే ఆ సంఖ్య 49. స్త్రీలలోను నూటికి సుమారు 7 మంది కలరు. కావున ఇది పరుల యింటి కథ యని యెవ్వరును తప్పించుకొన వీలులేదు; ఆడుబిడ్డలున్న తల్లులును తమకు పట్టనిదని తలపరాదు.

అయినను పెద్దల త్రాగుడు వేరు, విద్యార్థుల త్రాగుడు వేరు. పొలమునుండి వచ్చిన ముసలివాడు సాయంకాలము ఒక ముంత కల్లు త్రాగి పరుండును. కళాశాల పిల్లవాడు వారమంతయు ముట్టడు. శనివారము రాత్రి నలుగురు స్నేహితులతో గూడి, వారమునకు సరిపడు మద్యమును రెండు గంటలలో త్రాగును. దినమును త్రాగుటలేదు గనుక తాను త్రాగుబోతును కానని వాని ధైర్యము. కాని వానికి ముప్పు తెచ్చునది ఆ యొక్క రాత్రియే. తరువాత మోటారుసైకి లెక్కుట, కొట్లాట, నీటిలో దిగుట, చేసినది మరునాడు జ్ఞప్తికి రాకుండుట, ఇవన్నియు ఆ రాత్రి పుట్టునవే. మన రాష్ట్రమున 21 ఏండ్లు నిండనివారికి మద్యమమ్మరాదని చట్టము కలదు. ఆ చట్ట మెట్లు నడచుచున్నదో కళాశాలల సమీపమున నివసించువారికి మేము చెప్పనక్కరలేదు.

సంగతి బయటపడినపుడు మన గృహములలో సాధారణముగా నాలుగు ఉపాయములు కానవచ్చును. మొదటిది ఏడ్పు, దానికి బిడ్డ జాలిపడును గాని మారడు. రెండవది తిట్టు, దానికి వాడు ఇంటికి వచ్చుటయే మానును. మూడవది తల్లి తలమీద చేయి పెట్టించి వేయించు ఒట్టు. అది తప్పిననాడు ఎట్లును పాపము చుట్టుకొన్నదని మరింత త్రాగును. నాలుగవది పెండ్లి, దానివలన ఒకరి దుఃఖము ఇద్దరికగును. ఈ నాలుగింటిలోను లోపమొక్కటియే. మాటలాడువారు పెద్దలు, వినువాడు బిడ్డ. వానిని అడుగువారు లేరు.

మా తండ్రిగారు మాకు బాల్యమున ఇంటనే భారత రామాయణములు చెప్పిరి. మద్యము చేసిన కీడునకు ఆ గ్రంథములలో కొదువ లేదు. అసురులు కచుని చంపి, కాల్చి, ఆ బూడిదను సురలో కలిపి యిచ్చిరి. అంతటి శుక్రాచార్యుడును తెలియక త్రాగి, ప్రియశిష్యుని తన కడుపుననే మోయవలసి వచ్చెను. మౌసలపర్వములోని సంగతి మరియు విచారింపదగినది. ద్వారకలో మద్యము చేసినవానిని బంధువులతో గూడ కొరత వేయింతుమని చాటింపు వేయించిరి. అంతకుమించిన దండన యేమున్నది? అయినను యాదవులు ప్రభాసతీర్థమునకు పోయి, కడుపునిండ త్రాగి, తమలో తాము కొట్టుకొని నశించిరి. భయము ఊరిలో నున్నంతవరకే పనిచేసినది. ఊరు దాటగానే పోయినది. వసతిగృహమునకు పోయిన బిడ్డల గతియు నిట్టిదే కదా!

భయము పనిచేయనిచోట మాట యెట్లు పనిచేయునో మేము కన్నులార చూచితిమి. మా ఆడబిడ్డ కుమారుడు హైదరాబాదులో ఇంజనీరింగు మూడవ సంవత్సరము చదువుచున్నాడు; వయస్సు ఇరువది. గడచిన దసరాకు స్నేహితునితో గూడి మోటారుసైకిలుపై విజయవాడ రహదారిని వచ్చుచు, చిట్యాల దాటిన పిమ్మట పడిపోయెను. వాని మోచేయి విరిగెను. స్నేహితుని తలకు గాయమయ్యెను. దైవానుగ్రహమువలన ప్రాణములు దక్కెను. ఇద్దరును త్రాగియుండిరి. వాని అనుమతితోనే ఈ సంగతి వ్రాయుచున్నాము.

కట్టు కట్టిన మూడవనాడు చిన్నవయస్సు డాక్టరమ్మ యొకతె వాని మంచముకడ కుర్చీ వేసికొని కూర్చుండెను. మమ్ము చూచి, “వీరు ఉండవచ్చునా?” అని వానినే అడిగెను. “అత్తమ్మ ఉంటే ఏం కాదు” అని వాడనెను. పిమ్మట ఆమె యిట్లు మొదలిడెను: “తమ్ముడూ, తాగుడు సంగతి కొంచెంసేపు మాట్లాడుకుందామా? నీకిష్టం లేకుంటే వద్దు.”

“అడుగుండ్రి మేడం” అని వాడు తల వంచుకొనెను. వాడు తిట్లకు సిద్ధమైనట్లు మాకు తోచినది.

“తాగితే నీకేం బాగనిపిస్తది?”

ఈ ప్రశ్నకు వాడు తెల్లబోయెను. “దోస్తులతోని కూసుంటే పరీక్షల రంది యాదికి రాదు” అనెను.

“మరి బాగనిపించనిదేంది?”

కొంతసేపు మాటలేదు. తరువాత వాడే చెప్పెను: “తెల్లారి క్లాసుకు పోలేను. ఫీజు పైసలు రెండుసార్లు ఖర్చు పెట్టిన. రాత్రి ఏం మాట్లాడిన్నో యాదికుండది. ఇప్పుడు వీనికి తల పగిలింది. వాళ్ల అమ్మకు నేనేం చెప్పాలె?”

మేము గంటసేపు ఉపన్యసించినను వాని నోట ఈ మాటలు రాకపోయెడివి. పిమ్మట డాక్టరమ్మ పది ప్రశ్నలున్న కాగిత మొకటి తీసి, ఎన్నాళ్లకొకసారి త్రాగుదువు, ఒక్కమారు ఎంత త్రాగుదువు, మొదలిడిన పిదప ఆపలేకపోయిన సందర్భము లెన్ని, ఇతరులెవరైన తగ్గింపుమని చెప్పిరా అని యడిగి, ప్రతి యుత్తరమునకు అంకె వేసి కూడెను. నలుబదికి పదునాలుగు వచ్చినది. ఎనిమిదియో అంతకు మించియో వచ్చినచో అపాయపు త్రోవ యని నెమ్మదిగా చెప్పెను. “అందరు తాగుతరు మేడం” అని వాడనగా, ఆమె వాదింపక, “మీ వరుస గదుల్లో ఎంతమంది ఉంటరు? లెక్కపెట్టు” అనెను. వాడు వ్రేళ్లు మడచి లెక్కించెను. ఇరువదిమందిలో త్రాగువారు ఏడుగురే! ఆ లెక్కకు మాకంటె వాడే ఎక్కువ ఆశ్చర్యపడెను.

“పూర్తిగ మానుడే మంచిదని నా సలహా. నీకు ఇరవై యొకటి కూడ నిండలేదు. కాని నిర్ణయం నీది. ఏం చేద్దామనుకుంటున్నవు?” అని ఆమె ముగించెను. త్రాగినదినమున బండి ముట్టననియు, సంవత్సర పరీక్షలు ముగియువరకు మానెదననియు వాడు చెప్పగా, ఆ మాటలను వానిచేతనే కాగితముమీద వ్రాయించి, నెల తరువాత మరల రమ్మనెను. అంతయు పావుగంట పట్టినది.

ఈ పద్ధతి యెక్కడిదని మావారు విచారించి, గ్రంథములు తెప్పించి, మాకును చదివి వినిపించిరి. దీనిని ఆంగ్లమున బ్రీఫ్ ఇంటర్వెన్షన్ అందురట. మేము హితసంభాషణ మనుచున్నాము. లండను నగరమున గ్రిఫిత్ ఎడ్వర్డ్స్ అను వైద్యుడును ఆయన సహచరులును నూరుమంది వివాహితులైన త్రాగుడు రోగులను రెండు భాగములు చేసి, ఒక భాగమునకు పూర్ణచికిత్స యిచ్చిరి. రెండవ భాగమువారిని భార్యతో గూడ కూర్చుండబెట్టి, ఒక్కమారు హితము చెప్పి పంపిరి. ఏడాది తరువాత చూడగా ఇరువురి స్థితిలో చెప్పుకొనదగిన భేదము లేదని 1977లో ప్రకటించిరట. మాటకింత బలమున్నదా యని లోకము విచారింప మొదలిడినది. ఆ పది ప్రశ్నల పత్రమును ప్రపంచారోగ్యసంస్థవారు నార్వే, కెన్యా, మెక్సికో మొదలగు ఆరు దేశములలో పరీక్షించి 1989లో ప్రకటించిరి.

కళాశాల విద్యార్థులకై దీనిని ప్రత్యేకముగా తీర్చినవారు అమెరికాలో సియాటిల్ నగరమందలి వాషింగ్టన్ విశ్వవిద్యాలయమువారు. అలన్ మార్లాట్ అను ఆచార్యుడును ఆయన సహచరులును అధికముగా త్రాగు 348 మంది క్రొత్త విద్యార్థులను ఎన్నుకొని, సగముమందితో ఒక్కొక్కరిని విడిగా ఒక్కమారు మాటలాడిరి. నిందలేదు, ఒట్టులేదు. నీవు త్రాగున దింత, నీ యీడువారు త్రాగున దింత, దానివలన నీకు కలిగిన కష్టములివి యని వాని లెక్కను వానికే అద్దమువలె చూపిరి. రెండేండ్ల పిదపను ఆ సగముమంది తక్కినవారికంటె తక్కువ త్రాగుచు, తక్కువ కష్టములు పడిరని 1998లో ప్రకటించిరి. తోడివారందరు తనకంటె ఎక్కువ త్రాగుచున్నారని విద్యార్థులు పొరబడుదురను సంగతిని పెర్కిన్స్, బెర్కోవిట్జ్ అనువారు 1986లోనే వెల్లడించియుండిరి. డాక్టరమ్మ వానిచేత గదుల లెక్క పెట్టించుటలోని మర్మ మిదియే.

మన దేశముననే గోవాలో మరియొక పరీక్ష జరిగెను. అచ్చట సంగత్ అను సంస్థవారు వైద్యులు కాని సామాన్యులకు శిక్షణ యిచ్చి, హానికరముగా త్రాగు 377 మంది పురుషులలో సగముమందితో ఒకటి మొదలు నాలుగు మార్లవరకు మాటలాడించిరి. వీరు విద్యార్థులు కారు, ఆరోగ్యకేంద్రములకు వచ్చిన పెద్దలు. మూడు మాసముల తరువాత అడుగగా, గడచిన పదునాలుగు దినములలో చుక్క ముట్టనివారు ఈ పక్షమున నూటికి 42 మంది, సంభాషణ లేని పక్షమున 18 మంది. అయితే మానక త్రాగుచున్నవారి పరిమాణము మాత్రము తగ్గలేదు. ఈ ఫలితము 2017లో వెలువడినది.

దీనిని సర్వరోగనివారిణిగా మేము పొగడుట లేదు. తరువాత పెక్కు పరీక్షలను కలిపి చూచిన పండితులు, విద్యార్థులలో దీని ఫలము స్వల్పమనియు, కాలము గడచినకొలది తరుగుననియు తేల్చిరి. కాని పావుగంట మాటకు నూరుమందిలో నలుగురైదుగురు బాగుపడినను, ఆ నలుగురైదుగురికి తల్లులుందురు కదా! తిట్టువలన ఒక్కడును బాగుపడుట లేదు.

సోదరీమణులు ఇంట దీనిని ఆచరింపవలెనన్నచో కొన్ని నియమములు కలవు. వాడు త్రాగివచ్చిన రాత్రి మాటలాడరాదు. మంచినీళ్లిచ్చి, వాంతి గొంతుకు అడ్డుపడకుండ ఒక ప్రక్కకు పరుండబెట్టవలయును. లేపినను లేవకున్నను, ఊపిరి నెమ్మదించినను తడయక ఆసుపత్రికి చేర్చవలయును. మరునాడో ఆ మరునాడో, నలుగురు లేనివేళ, పప్పు ఏరుచునో బట్టలు మడచుచునో ఎదురుగా గాక ప్రక్కగా కూర్చుండి అడుగవలయును. సుందరకాండలో హనుమంతుడు సీతమ్మ ఎదుటికి దుమికి రాలేదు. ఏ భాషలో, ఏ మాటతో మొదలిడినచో తల్లి భయపడకుండునా యని చెట్టుకొమ్మల నడుమ కూర్చుండి ఎంతయో ఆలోచించి, తుదకు ఆమెకు ప్రియమైన రామకథతో ప్రారంభించెను. మన మాటకును అంత ఆలోచన వలయును. త్రాగుటలో వానికి నచ్చిన దేమియో మొదట అడుగుడు. నచ్చని దేమియో తరువాత అడుగుడు. వాడు చెప్పినదానిని మరల వానికే వినిపింపుడు. వాడు ఊరకున్నచో మీరును ఊరకుండుడు. మాటవచ్చువరకు పప్పులో రాళ్లు ఏరవచ్చును.

లెక్క తెలిసి మాటలాడుట మిక్కిలి మేలు. ముప్పది మిల్లీలీటర్ల విస్కీలోనో బ్రాందీలోనో సుమారు 10 గ్రాముల ఆల్కహాలుండును. నూటికి ఎనిమిది పాళ్ల బలముగల బీరు పెద్దసీసా, అనగా 650 మిల్లీలీటర్లు, అట్టి నాలుగు కొలతలకు సమానము. “బీరే కదా” యను పిల్లవాడు రెండు సీసాలతో ఎనిమిది కొలతలు త్రాగినట్లే. శరీరము గంటకు సుమారు ఒక కొలతను మాత్రమే హరించును. కావున చన్నీటి స్నానమును, నిమ్మరసమును మత్తును దింపజాలవు. నూరు మిల్లీలీటర్ల రక్తములో 30 మిల్లీగ్రాములకు మించినచో బండి నడుపుట నేరము. మొదటి తప్పునకే ఆరు మాసములవరకు చెరయో, పదివేల రూపాయల జరిమానాయో, రెండునో పడవచ్చును.

అటుపిమ్మట మీ మనస్సులోని మాట ఒక్కమారు సూటిగా చెప్పుడు. మానుమని చెప్పుటకు వెనుదీయనక్కరలేదు. కాని తుది నిర్ణయము వానిదేయని తెలియజేయుడు. గీతలో శ్రీకృష్ణుడు అంతయు బోధించిన పిమ్మట, దీనిని పూర్ణముగా విచారించి నీకు తోచినట్లు చేయుమని అర్జునునకే విడిచెను. సాక్షాత్ భగవంతుడే అట్లనగా, మనమేల బిడ్డచేత ఒట్టు పెట్టింపవలయును? తానై చెప్పిన మాటను మనిషి నిలుపుకొన జూచును. పరులు చెప్పించిన మాటను తప్పించుకొన జూచును.

ఈ సంభాషణ చాలని సందర్భమును గుర్తింపవలయును. ప్రతిదినము త్రాగుచు, ఉదయము త్రాగనిదే చేతులు వణకుచున్నచో అది వైద్యుని పని. ఆ పది ప్రశ్నలకు ఇరువదియో అంతకు మించియో వచ్చినను అంతే. అట్టివానిని గదిలో పెట్టి తాళము వేసి హఠాత్తుగా మాన్పించినచో మూర్ఛలు వచ్చి ప్రాణాపాయమగును. కల్లులో క్లోరల్ హైడ్రేటు, డయజిపామ్, ఆల్ప్రాజోలము వంటి మందులు కలుపు దురాచారము మన ప్రాంతమున కలదు. 2015 సెప్టెంబరులో అట్టి కల్లు ఒక్కమారుగా దొరకక, మహబూబ్‌నగరు, నిజామాబాదు జిల్లాలలో పెక్కుమంది మతిచెదరి ఆసుపత్రులపాలైరి. కావున కల్లు చెట్టుసారమే కదా యని ఉపేక్షింపరాదు. ఎవరిని అడుగవలయునో తెలియనివారు 14416 సంఖ్యకు ఫోను చేయవచ్చును. కేంద్రప్రభుత్వమువారు 2022లో నెలకొల్పిన టెలిమానస్ సేవ యిది. అచ్చట తెలుగులోనే మాటలాడుదురు, రుసుము లేదు.

స్త్రీలు కలసి నిలిచినచో దుకాణములు మూతపడునని 1992లో నెల్లూరు జిల్లా దూబగుంట సోదరీమణులు చూపిరి. వారి ఉద్యమము రాష్ట్రమంతట వ్యాపించి, 1993 అక్టోబరులో సారా నిషేధమును, 1995 జనవరిలో సంపూర్ణ మద్యనిషేధమును సాధించినది. 1997లో ఆ నిషేధము సడలిపోయెను. దుకాణము మూయించు పోరాటము గొప్పది, వలసినదియు. కాని దుకాణము తెరచియున్న దినములలోను బిడ్డ పెరుగుచునే యుండును. ప్రతి కళాశాలలోను ఈ పావుగంట మాట యెరిగిన ఉపాధ్యాయుడో, ఉపాధ్యాయినియో ఒక్కరైనను ఉండవలెనని తల్లిదండ్రులు సభలలో అడుగవలయును. ఫీజులడుగుటకు గుమాస్తా యున్నచోట, బిడ్డను పలుకరించుటకు ఒకరుండరాదా?

మా మేనల్లుని సంగతి యడుగుదురేమో. వాని తల్లి తన తలమీద ఒట్టు పెట్టింపవలెనని పట్టుబట్టగా, మావారు అక్కగారికి నచ్చచెప్పి ఆపిరి. నెలకొకమారు వాడు మా యింటికి వచ్చినపుడు, “నీ కాగితం ఎట్లున్నది?” అని మాత్రము మేమడుగుదుము. మొదటి రెండు మాసములు ముట్టలేదు. ఆంగ్ల సంవత్సరాది రాత్రి త్రాగెను. ఆ రాత్రి బండి తాళము స్నేహితునకిచ్చి గదిలోనే యుండెను. ఈ సంగతి మాకు మరియొకరు చెప్పలేదు, వాడే వచ్చి చెప్పెను. బొంకనక్కరలేని ఇల్లొకటి వానికి దొరికినది. తక్కినది వాడు నడువవలసిన త్రోవ.

సోదరీమణులారా! మీ బిడ్డ ఈ సెలవులకు ఇంటికి వచ్చినపుడు వానికి ఇష్టమైన పిండివంటలు చేయుదురు కదా. దానితోపాటు పావుగంట తీరికను, నిందలేని యొక ప్రశ్నను కూడ సిద్ధపరచియుంచుడు.